లైనక్స్ రీఇన్‌స్టాల్ చేశాక పార్టిషన్లు, సెట్టింగ్స్ సరిచేసుకోవడం: ఏ సమస్యకు ఏ దారి మేలు

లైనక్స్ మళ్ళీ ఎక్కించాక వచ్చే డిస్క్ ఇబ్బందుల్లో ఎక్కువ వాటికి డిస్క్ కారణం కాదు. పాత ఫైళ్ళు కనబడవు. బూట్ అవుతూ మధ్యలో ఒకటిన్నర నిమిషం ఆగిపోతుంది. రెండో పార్టిషన్ తెరుచుకుంటుంది గానీ అందులో ఏమీ సేవ్ చేయనివ్వదు. డెస్క్‌టాప్ సగం పాత సెట్టింగ్స్‌తో, సగం కొత్తవాటితో వస్తుంది. ఇవన్నీ చూడగానే ఏదో పోయిందన్న టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది పార్టిషన్ ఎడిటర్ తెరుస్తారు, లేదంటే మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. డేటా అప్పటిదాకా భద్రంగానే ఉంటుంది. కొత్త సిస్టమ్‌కు పాత పార్టిషన్ల గుర్తింపు, పాత యూజర్ నంబర్లు తెలియక ఆ తేడాలన్నీ వస్తాయి.

ఒక్కో సమస్యకు రెండు మూడు పరిష్కారాలు ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి, నేనైతే ఏది ఎంచుకుంటానో, ఎందుకో చెబుతాను. నేను పాటించే నియమం ఏమిటంటే, వెనక్కి తీసుకోగలిగిన మార్పుతో మొదలుపెట్టాలి, తీసుకోలేనిది ఆఖరుకు వదలాలి. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైన్ మారిస్తే పాతది మళ్ళీ రాసుకోవచ్చు. పార్టిషన్‌ను జరిపినా, ఫార్మాట్ చేసినా ఆ వీలు ఉండదు.

## ముందు చూడటం, తర్వాతే ముట్టుకోవడం

డిస్క్ పరిస్థితి చూడటానికి గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే డిస్క్స్ యాప్ ఉంది, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ యాప్ ఉంది, టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఉంది. మొదటి చూపుకు టెర్మినల్‌నే వాడమంటాను. ఆ కమాండ్‌ను ఎఫ్ ఆప్షన్‌తో నడిపితే ప్రతి పార్టిషన్ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళను సర్దే పద్ధతి), లేబుల్, యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య), అది ఎక్కడ మౌంట్ అయిందో, అంటే ఏ ఫోల్డర్‌గా తెరుచుకుందో, ఒకేచోట కనిపిస్తాయి. చూపించడం తప్ప దానికి ఇంకే పనీ రాదు, కాబట్టి కంగారులో ఉన్నప్పుడు కూడా దానితో నష్టం జరగదు. మార్పులు చేయక తప్పనప్పుడు మాత్రం జీపార్టెడ్ నయం. అందులో మనం చెప్పిన పనులన్నీ అప్లై నొక్కేదాకా వరుసలో ఆగి ఉంటాయి, మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. డిస్క్స్ యాప్ ఒక్కసారి అడిగి, సరే అనగానే పని చేసేస్తుంది.

ఎల్ఎస్‌బీఎల్‌కే చూపించిన వరుసలో మీ పాత పార్టిషన్ ఉండి, పక్కన ఈఎక్స్‌టీ4 అనో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనో, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనో రాసి ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. చాలావరకు అది సెట్టింగ్ సమస్యే. క్రిప్టో లక్స్ అని ఉంటే అది ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్, పాస్‌ఫ్రేజ్ ఇచ్చి తెరవాలి. ఎల్‌వీఎం2 మెంబర్ అని ఉంటే దాని లోపల లాజికల్ వాల్యూమ్‌లు, అంటే పార్టిషన్ల లాంటి భాగాలు, ఉన్నాయి. ఈ రెండింటినీ పాడైన పార్టిషన్లు అనుకుని ఫార్మాట్ చేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ గడిలో ఏముందో పూర్తిగా చదవండి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్ళను మరో విషయం తికమక పెడుతుంది. ఫెడోరా డెస్క్‌టాప్‌లో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి అదే డీఫాల్ట్. అందులో రూట్ (సిస్టమ్ ఉండే చోటు), హోమ్ (మన ఫైళ్ళుండే చోటు) రెండూ ఒకే పార్టిషన్‌లో సబ్‌వాల్యూమ్‌లుగా, అంటే లోపలి విభాగాలుగా, ఉంటాయి. కాబట్టి ‘నా హోమ్ పార్టిషన్ ఏది?’ అని వెతికితే దొరకదు. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి ఆ పార్టిషన్ తెరిస్తే రూట్, హోమ్ అనే పేర్లతో రెండు ఫోల్డర్లలా కనిపిస్తాయి.

## బూట్ ఆగిపోతుంటే: యూయూఐడీ, లేబుల్, డివైస్ పేరు

కొత్త సిస్టమ్ ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ చూసి తెలుసుకుంటుంది. పాత బ్యాకప్‌లోంచి ఆ ఫైల్‌ను తెచ్చి కొత్తదాని మీద పెడితే, అందులోని యూయూఐడీలు ఇప్పుడు లేని పార్టిషన్లవి కావచ్చు. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ పార్టిషన్‌కు కొత్త యూయూఐడీ వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు లైనక్స్‌లు ఉన్నప్పుడు ఇది ఇంకోలా ఎదురవుతుంది. రెండోదాన్ని ఇన్‌స్టాల్ చేస్తూ స్వాప్ పార్టిషన్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) మళ్ళీ ఫార్మాట్ చేస్తాం, అక్కడి నుంచి మొదటిది బూట్ కావడానికి నీలుగుతుంది.

బూట్ పనులు నడిపించే సిస్టమ్‌డీ, కనబడని డివైస్ కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. దొరకనిది స్వాప్ అయితే ఆ తర్వాత ముందుకు సాగుతుంది. డేటా పార్టిషన్ అయితే ఎమర్జెన్సీ మోడ్‌లో నల్ల తెర దగ్గర నిలబెడుతుంది. రూట్ యూజర్ (అడ్మిన్) పాస్‌వర్డ్ పెట్టుకోని సిస్టమ్‌లలో అక్కడి నుంచి లోపలికి వెళ్ళే వీలు కూడా ఉండకపోవచ్చు. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో బూట్ అయి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే చాలు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

లైన్ సరిచేసేటప్పుడు పార్టిషన్‌ను మూడు రకాలుగా గుర్తించవచ్చు. ఎస్‌డీఏ1, ఎస్‌డీబీ1 లాంటి డివైస్ పేర్లు చదవడానికి సులువు, కానీ నమ్మకూడదు. ఇంకో డ్రైవ్ తగిలించినా, పోర్ట్ మార్చినా, కొన్నిసార్లు ఏమీ చేయకపోయినా ఆ పేర్లు తారుమారవుతాయి. యూయూఐడీ పొడుగ్గా ఉంటుంది గానీ తప్పు పార్టిషన్‌ను చూపించదు. లేబుల్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మనమే డేటా అనో ఫోటోలు అనో పేరు పెట్టుకుంటాం, ఫార్మాట్ చేశాక అదే పేరు మళ్ళీ పెడితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చకుండానే పని జరుగుతుంది. కాకపోతే రెండు డ్రైవ్‌లకు ఒకే లేబుల్ ఉంటే గందరగోళమే. రూట్, హోమ్, ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్ళుండే పార్టిషన్) మూడింటికీ యూయూఐడీ వాడండి. తరచూ మార్చే బ్యాకప్ డ్రైవ్‌లకు లేబుల్ బాగుంటుంది. డివైస్ పేరును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు.

రూట్ కాని ప్రతి డేటా పార్టిషన్‌కూ ఆప్షన్ల దగ్గర నోఫెయిల్ అని చేర్చండి. అది ఉంటే ఆ డ్రైవ్ దొరకకపోయినా బూట్ ఆగదు. కానీ హోమ్‌కు మాత్రం పెట్టకండి. హోమ్ మౌంట్ కాకుండా లాగిన్ అయితే అదే చోట ఖాళీ ఫోల్డర్ కనిపించి, ఫైళ్ళన్నీ పోయాయన్న భ్రమ కలుగుతుంది. ఆ ఖాళీ చోట మీరు రాసిన కొత్త ఫైళ్ళు తర్వాత అసలు హోమ్ వచ్చి మౌంట్ అయినప్పుడు దాని కింద మరుగున పడిపోతాయి. ఫైల్ మార్చాక రీబూట్ చేయకుండానే ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో నడిపితే తప్పులు చెబుతుంది. తర్వాత మౌంట్ ఏ కమాండ్ ఇచ్చి అన్నీ నిజంగా మౌంట్ అవుతున్నాయో చూసుకోండి. ఆ రెండూ దాటాకే రీబూట్.

డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ సరిగ్గా ఉన్నా బూట్ మొదట్లోనే ఆలస్యం అవుతుంటే, ఈటీసీలో ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న సిస్టమ్) టూల్స్ ఫోల్డర్ కింద కాన్ఫ్ డాట్ డీలో ఉండే రెజ్యూమ్ ఫైల్ చూడండి. హైబర్నేట్ (ర్యామ్‌లోనిది డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపడం) కోసం పాత స్వాప్ యూయూఐడీ అక్కడ మిగిలి ఉంటుంది. కొత్త యూయూఐడీ రాసి, లేదా నన్ అని పెట్టి, ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

## ఫైళ్ళు కనబడుతున్నాయి, రాయనివ్వడం లేదు

లైనక్స్ ఫైల్ యజమానిని పేరుతో గుర్తుపెట్టుకోదు, నంబర్‌తో గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పటి డిస్ట్రోలలో దాదాపు అన్నిటిలో మొదటి యూజర్‌కు 1000, రెండోవారికి 1001. ఒక్కరే వాడే కంప్యూటర్‌లో పాత యూజర్ 1000, కొత్త యూజర్ కూడా 1000 కాబట్టి పేరు మారినా ఇబ్బంది రాదు. ఇద్దరు వాడే కంప్యూటర్‌లో మాత్రం రీఇన్‌స్టాల్ తర్వాత ఖాతాలు తెరిచే వరుస మారితే ఒకరి ఫైళ్ళు ఇంకొకరివి అయిపోతాయి. ఐడీ కమాండ్‌తో మీ నంబర్, ఎల్ఎస్ కమాండ్‌ను ఎల్ఎన్ ఆప్షన్లతో నడిపి ఫైళ్ళ నంబర్ చూడండి. రెండూ వేరైతే కారణం దొరికినట్టే.

దీనికి రెండు సరైన మార్గాలున్నాయి. ఫైళ్ళ యజమానిని చౌన్ కమాండ్‌తో మార్చడం ఒకటి. కొత్త యూజర్‌కు పాత నంబర్ ఇవ్వడం రెండోది. ఒకే కంప్యూటర్, ఒకే డ్రైవ్ అయితే చౌన్ చాలు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అదే ఫైళ్ళు బ్యాకప్ డ్రైవ్‌లోనూ, ఇంకో లైనక్స్‌లోనూ, నెట్‌వర్క్ స్టోరేజ్‌లోనూ ఉంటే మాత్రం నంబర్‌నే పాతదానికి సరిపెట్టండి. లేకపోతే ఒకచోట సరిచేసినది ఇంకోచోట తప్పవుతుంది, ప్రతి రీస్టోర్ తర్వాతా అదే పని మళ్ళీ చేయాల్సి వస్తుంది. చౌన్ వాడేటప్పుడు మీ ఫోల్డర్ దారిని పూర్తిగా రాయండి. రూట్ మొత్తం మీద పొరపాటున నడిపితే సిస్టమ్‌ను మళ్ళీ ఎక్కించుకోవడమే మిగులుతుంది.

మూడో సలహా ఒకటి చాలాచోట్ల వినబడుతుంది. అన్నిటికీ 777, అంటే ఎవరైనా చదివి రాయగలిగే, పర్మిషన్లు ఇచ్చేయమని. అది చేయకండి. అప్పటికి పని నడిచినట్టే ఉంటుంది. కానీ ఎవరైనా చదవగలిగేలా ఉన్న ప్రైవేట్ కీని ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే సాధనం) ఒప్పుకోదు. పైగా ఏ ఫైల్‌కు ముందు ఏ పర్మిషన్ ఉండేదో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఇప్పటికే చేసేసి ఉంటే కనీసం డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, లోపలి ప్రైవేట్ కీలకు 600 పెట్టండి.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్ల సంగతి వేరు. అక్కడ మామూలుగా చౌన్ ఫలించదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్‌కు యూఐడీ (యూజర్ నంబర్), జీఐడీ (గ్రూప్ నంబర్), యూమాస్క్ (తీసేయాల్సిన పర్మిషన్లు) విలువలు ఇచ్చి మౌంట్ చేయాలి.

## పాత హోమ్ అలాగే ఉంచాలా, కొత్తది మొదలుపెట్టాలా

నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఎంపిక ఇదే. హోమ్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టుకుంటే రీఇన్‌స్టాల్‌లో దాన్ని ఫార్మాట్ చేయకుండా వదిలేయవచ్చని ఎప్పటి నుంచో చెబుతూ వస్తున్నారు. ఆ సలహా తప్పు కాదు. ఫైళ్ళు భద్రంగా ఉంటాయి, లాగిన్ కాగానే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కాకపోతే హోమ్‌లో మన ఫైళ్ళతో పాటు చుక్కతో మొదలయ్యే వందల కాన్ఫిగ్ ఫైళ్ళూ ఉంటాయి. అవి పాత వెర్షన్ యాప్‌లు రాసుకున్నవి. ఏ గందరగోళం వదిలించుకోవడానికి రీఇన్‌స్టాల్ చేశామో, అదే గందరగోళం కొన్నిసార్లు హోమ్‌తో పాటు తిరిగి వచ్చేస్తుంది.

కొన్ని ఉదాహరణలు చెబుతాను. 2023లో వచ్చిన గ్నోమ్ 45లో ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతి మారింది, అంతకుముందువి అందులో పనిచేయవు. 2024లో కేడీఈ డెస్క్‌టాప్ ప్లాస్మా 6 వచ్చింది. ప్లాస్మా 5 కాలం నాటి థీమ్‌లు, విడ్జెట్లు హోమ్‌లో మిగిలి ఉంటే ప్యానెల్ వింతగా ప్రవర్తించవచ్చు. గ్నోమ్ నుంచి కేడీఈకి మారుతూ అదే హోమ్ ఉంచుకుంటే ఐకాన్లు, ఫాంట్లు, డీఫాల్ట్ యాప్‌లు రెండు వైపులకూ లాగుతాయి.

ఫైర్‌ఫాక్స్ విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే బుక్‌మార్కులు పోయాయని భయపడేది ఎక్కువగా అక్కడే. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తుంది. కాబట్టి పాత హోమ్ అలాగే ఉన్నా, కొత్తగా ఎక్కించిన ఫైర్‌ఫాక్స్ ఖాళీ ప్రొఫైల్‌తో తెరుచుకోవచ్చు. అడ్రస్ బార్‌లో అబౌట్ ప్రొఫైల్స్ పేజీ తెరిస్తే పాతది జాబితాలో ఉంటుంది, దాన్నే డీఫాల్ట్ చేసుకోవచ్చు. పాత ప్రొఫైల్‌ను ఇంకా కొత్త వెర్షన్‌తో వాడి ఉంటే మాత్రం, ఇప్పుడున్న పాత వెర్షన్ దాన్ని తెరవనంటుంది. అప్పుడు ముందు బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయాలి. జాబితాలోనే లేదంటే ప్రొఫైల్ ఇంకోచోట ఉన్నట్టు. డెబ్ ప్యాకేజీగా వచ్చిన ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌కు ఏళ్ళ తరబడి డాట్ మొజిల్లా ఫోల్డరే చోటు. ఉబుంటులో స్నాప్‌గా వచ్చినదానిది హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్ కింద, ఫ్లాట్‌ప్యాక్‌గా వచ్చినదానిది డాట్ వార్ ఫోల్డర్ కింద ఉంటుంది. రీఇన్‌స్టాల్‌లో ప్యాకేజీ రకం మారితే పాత ప్రొఫైల్ వెతకాల్సిన చోటు మారుతుంది, ప్రొఫైల్ మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ రెంటికీ మధ్యలో ఒక దారి ఉంది, నేను అందరికీ చెప్పేది అదే. హోమ్‌ను రూట్‌తో పాటే ఉంచి ప్రతి రీఇన్‌స్టాల్‌కూ కొత్తది రానివ్వండి. డాక్యుమెంట్లు, ఫోటోలు, వీడియోలు, ప్రాజెక్టులు వేరే డేటా పార్టిషన్‌లో పెట్టుకోండి. అప్పుడు సిస్టమ్ ఎన్నిసార్లు మార్చినా మీ ఫైళ్ళ జోలికి ఇన్‌స్టాలర్ రాదు, పాత కాన్ఫిగ్ చెత్తా వెంటరాదు. కావాల్సిన సెట్టింగ్స్ మాత్రం ఏరి తెచ్చుకుంటారు. ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ కీల ఫోల్డర్లు, బ్రౌజర్ ప్రొఫైల్, మీరు చేత్తో రాసుకున్న షెల్ ఫైళ్ళు తెచ్చుకుంటే చాలావరకు పనైపోతుంది. గ్నోమ్ సెట్టింగ్స్ అయితే డీకాన్ఫ్ డంప్ కమాండ్‌తో టెక్స్ట్ ఫైల్‌గా తీసి, అందులో కావాల్సిన భాగం ఉంచి, మిగతాది తీసేసి, కొత్తదాంట్లో లోడ్ చేయవచ్చు. డీకాన్ఫ్ డేటాబేస్ ఫైల్‌ను యథాతథంగా కాపీ చేయడం కన్నా ఇదే మేలు. ఏం తెస్తున్నామో కళ్ళతో చూసి మరీ తెచ్చుకుంటాం.

డేటా పార్టిషన్‌ను హోమ్‌తో కలపడానికి కూడా రెండు పద్ధతులు. హోమ్‌లోని డాక్యుమెంట్స్ స్థానంలో సింబాలిక్ లింక్ పెట్టడం తేలిక. కానీ స్నాప్ యాప్‌లు భద్రతా నియమాల వల్ల లింక్ చూపించే అసలు చోటును చూసి, అది హోమ్ బయట ఉందని లోపలికి వెళ్ళలేవు. అందుకే స్నాప్‌లు వాడేవాళ్ళు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో బైండ్ మౌంట్ (ఒక ఫోల్డర్‌ను ఇంకో చోట కూడా మౌంట్ చేయడం) పెట్టుకోవడం మంచిది. యాప్‌కు అది నిజమైన హోమ్ ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. స్నాప్‌ల గొడవ లేని డిస్ట్రోలో లింక్ చాలు.

అయితే వేరే హోమ్ పార్టిషన్‌నే ఉంచుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. అదే డిస్ట్రో, అదే డెస్క్‌టాప్, అదే వెర్షన్ లేదా దాని తర్వాతిది ఎక్కిస్తుంటే, పాత హోమ్ హాయిగా పనిచేస్తుంది. చాలా యాప్‌ల సెట్టింగ్స్ ఏళ్ళ తరబడి పేర్చుకున్నవారికి వాటిని ఏరుకోవడమే పెద్ద పని, వాళ్ళు కూడా ఉంచుకోవచ్చు. వింత ప్రవర్తన కనబడితే ఒక కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో చూడండి. కొత్త ఖాతాలో బాగుంటే తప్పు పాత కాన్ఫిగ్‌దే. అప్పుడు డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌ను తొలగించకుండా పేరు మార్చి, అవసరమైనవి ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

పాత ఉబుంటులో హోమ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవారికి ఒక మాట. 18.04కి ముందు ఇన్‌స్టాలర్‌లో ఆ సౌకర్యం ఉండేది. పాత హోమ్ తెరిస్తే ఒక రీడ్‌మీ, ప్రైవేట్ డేటా తెరవమనే ఒక షార్ట్‌కట్ మాత్రమే కనిపిస్తే, ఫైళ్ళు ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో మూసి ఉన్నాయని అర్థం. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ రికవర్ ప్రైవేట్ అనే సాధనం పాత లాగిన్ పాస్‌వర్డ్‌తో వాటిని తెరుస్తుంది. హోమ్ ఖాళీ అయిందనుకుని దాన్ని తుడిచేయకండి.

## స్వాప్: పార్టిషన్, ఫైల్, జీర్యామ్

హైబర్నేట్ వాడేవారికి స్వాప్ పార్టిషన్ సూటైన దారి. ర్యామ్‌కు సరిపడా సైజు ఉండాలి, రెజ్యూమ్ సెట్టింగ్‌లో దాని యూయూఐడీ ఉండాలి. స్వాప్ ఫైల్‌తోనూ హైబర్నేట్ చేయవచ్చు గానీ, డిస్క్‌లో ఆ ఫైల్ మొదలయ్యే చోటును కూడా కర్నెల్‌కు చెప్పాలి. ఫైల్‌ను మళ్ళీ సృష్టించినప్పుడల్లా ఆ లెక్క మారుతుంది.

హైబర్నేట్ వాడనివారికి ఫైలే హాయి. సైజు పెంచడానికి పార్టిషన్లు కదపనక్కర్లేదు. ఉబుంటు 17.04 నుంచి డీఫాల్ట్‌గా అదే ఇస్తోంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద స్వాప్ ఫైల్ పెట్టాలంటే కర్నెల్ 5.0 లేదా ఆ తర్వాతిది ఉండాలి, ఫైల్‌కు కాపీ ఆన్ రైట్ (మార్పులను కొత్త చోట రాసే పద్ధతి) ఆపాలి, దాన్ని స్నాప్‌షాట్ తీసే సబ్‌వాల్యూమ్‌లో ఉంచకూడదు. జీర్యామ్ డిస్క్‌ను ముట్టుకోదు, ర్యామ్‌లోనే డేటాను కుదించి దాస్తుంది. ఫెడోరా 33 నుంచి అదే డీఫాల్ట్. దానితో హైబర్నేట్ కుదరదు, మామూలు డెస్క్‌టాప్ వాడకానికి మాత్రం చక్కగా సరిపోతుంది. రీఇన్‌స్టాల్ తర్వాత పాత స్వాప్ పార్టిషన్ మిగిలిపోయి, కొత్త సిస్టమ్ జీర్యామ్ వాడుతుంటే, ఆ పార్టిషన్‌ను వెంటనే తీసేయాలన్న తొందర వద్దు. అది ఊరికే ఉన్నా బూట్‌కు అడ్డం రాదు.

## రూట్ నిండిపోతుంటే

కొత్తగా ఎక్కించిన కొద్ది వారాలకే రూట్‌లో చోటు లేదని హెచ్చరిక వస్తే చాలామందికి మొదట పార్టిషన్ పెంచాలనే తోస్తుంది. దానికన్నా ముందు ఏం నిండిందో చూడండి. వార్ ఫోల్డర్ కింద ఫ్లాట్‌ప్యాక్ రన్‌టైమ్‌లు, స్నాప్‌ల పాత వెర్షన్లు, జర్నల్ లాగ్‌లు, ప్యాకేజీ క్యాష్ పేరుకుంటాయి. జర్నల్‌సీటీఎల్‌కు వ్యాక్యూమ్ సైజ్ చెప్పి లాగ్‌లు తగ్గించడం, ప్యాకేజీ క్యాష్ ఖాళీ చేయడం, పాత కర్నెళ్ళు తీసేయడం, వాడని ఫ్లాట్‌ప్యాక్ రన్‌టైమ్‌లు తొలగించడం, ఇవన్నీ ప్రమాదం లేని పనులు.

డేటా పార్టిషన్ మీద చోటు తక్కువ చూపిస్తుంటే ఈఎక్స్‌టీ4లో రూట్ యూజర్ కోసం అట్టేపెట్టే 5 శాతం గుర్తుంచుకోండి. 500 జీబీ పార్టిషన్‌లో అది 25 జీబీ. సిస్టమ్ లేని డేటా పార్టిషన్ మీద ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో దాన్ని 1 శాతానికి తగ్గించవచ్చు. రూట్ మీద మాత్రం అలాగే ఉంచండి.

అప్పటికీ చాలకపోతేనే సైజు మార్చే ఆలోచన. ఎల్‌వీఎం మీద ఇన్‌స్టాల్ చేసి, గ్రూపులో ఖాళీ ఉంటే, ఒక్క కమాండ్‌తో కంప్యూటర్ నడుస్తుండగానే పెరుగుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రూట్, హోమ్ ఒకే ఖాళీ పంచుకుంటాయి కాబట్టి ఈ సమస్య అరుదు. మామూలు పార్టిషన్ అయితే దాని కుడివైపు ఖాళీ ఉందా, ఎడమవైపు ఉందా అన్నది కీలకం. కుడివైపుకు పెంచడం నిమిషాల పని, డేటా ఉన్నచోటే ఉంటుంది. ఎడమవైపుకు పెంచాలంటే మొత్తం డేటాను ముందుకు జరపాలి. గంటలు పట్టవచ్చు, మధ్యలో కరెంటు పోతే నష్టం. ఎడమవైపు తప్ప ఖాళీ లేనప్పుడు నేనైతే పార్టిషన్ జరపను. ఆ ఖాళీలో కొత్త పార్టిషన్ చేసి, పెద్ద ఫోల్డర్‌ను అక్కడికి కాపీ చేసి, మౌంట్ చేసుకుంటాను. ఇంకో మాట, పక్కన ఉన్నది ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే దాన్ని కుదించి చోటు తీయవచ్చని లెక్క వేసుకోకండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెరుగుతుంది, తగ్గదు. ఈఎక్స్‌టీ4 తగ్గుతుంది, కానీ అన్‌మౌంట్ చేసి ఉండాలి.

## పక్కన విండోస్ కూడా ఉంటే

బూట్ మెనూలో విండోస్ మాయమైతే అది చెరిగిపోయిందని అనుకోనక్కర్లేదు. బూట్ మెనూ చూపించే గ్రబ్‌లో, 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ డీఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. ఈటీసీ కింద డీఫాల్ట్ అనే ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్లో దాన్ని మళ్ళీ ఆన్ చేసి, గ్రబ్ కాన్ఫిగ్‌ను కొత్తగా తయారుచేస్తే విండోస్ మెనూలోకి వస్తుంది. తొందరగా కావాలంటే కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఫర్మ్‌వేర్ బూట్ మెనూ తెరిచి అక్కడి నుంచి విండోస్ ఎంచుకోవచ్చు. అక్కడ కూడా లేకపోతే రెండు అనుమానాలు. లైవ్ యూఎస్‌బీ పాత బయాస్ పద్ధతిలో బూట్ అయి, లైనక్స్ ఆ పద్ధతిలో ఎక్కి ఉండవచ్చు. సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ లేకపోతే అదే జరిగింది. రెండో అనుమానం, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈఎఫ్ఐ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయడం. విండోస్ బూట్ ఫైళ్ళు కూడా అందులోనే ఉంటాయి. విండోస్ రికవరీ మీడియాలో బీసీడీబూట్‌తో అవి తిరిగి వస్తాయి, విండోస్‌ను మళ్ళీ ఎక్కించాల్సిన పని లేదు.

విండోస్ పార్టిషన్‌లో రాయనివ్వకపోతే చాలావరకు కారణం ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ చేసినట్టే కనిపిస్తుంది గానీ విండోస్ సగం హైబర్నేట్ అయి ఉంటుంది. దాన్ని లైనక్స్ నుంచి బలవంతంగా మౌంట్ చేసే ఆప్షన్లు ఉన్నాయి, వాటి జోలికి పోకండి. విండోస్‌లోకి వెళ్ళి పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి.

గడియారం కొన్ని గంటలు తేడా చూపిస్తుంటే, మదర్‌బోర్డ్ గడియారంలో ఉన్నది యూటీసీ అని లైనక్స్, స్థానిక సమయం అని విండోస్ అనుకుంటున్నాయి. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లైనక్స్‌నే స్థానిక సమయానికి మార్చడం ఒక్క లైన్ పని. రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి విండోస్‌ను యూటీసీకి మార్చడం కొంచెం ఎక్కువ పని. వేసవికి గంట ముందుకు జరిపే దేశాల్లో రెండోదే నికరం. లేనిచోట మొదటిదీ పర్వాలేదు.

## నిజంగానే పోయి ఉంటే

ఎల్ఎస్‌బీఎల్‌కేలో పార్టిషనే లేకపోతే, లేదా పాతదాని స్థానంలో కొత్త ఖాళీ ఫైల్‌సిస్టమ్ ఉంటే, వెంటనే ఆ డిస్క్ వాడటం ఆపండి. అందులోనే సిస్టమ్ నడుస్తుంటే షట్‌డౌన్ చేసి లైవ్ యూఎస్‌బీతో రండి.

ఇక్కడ రెండు సాధనాలు. పార్టిషన్ టేబుల్ మాత్రమే చెరిగిపోయి, లోపలి ఫైల్‌సిస్టమ్ అలాగే ఉంటే టెస్ట్‌డిస్క్ సరైనది. అది పాత సరిహద్దులు వెతికి టేబుల్‌ను తిరిగి రాస్తుంది, ఫైళ్ళు పేర్లతో, ఫోల్డర్లతో సహా వస్తాయి. ఫార్మాట్ అయిపోయి ఉంటే దాని జంట ప్రోగ్రామ్ ఫోటోరెక్ మిగులుతుంది. అది ఫైళ్ళను వాటి ఆకారం బట్టి ఏరుతుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు పోతాయి. వేల ఫోటోలు నంబర్లతో వస్తాయి, తర్వాత మనమే సర్దుకోవాలి. లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉన్న పార్టిషన్‌కు హెడర్ చెరిగిపోతే, పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా ఉపయోగం లేదు. ముందే తీసిపెట్టిన హెడర్ బ్యాకప్ ఒక్కటే దారి.

డ్రైవ్ ఎస్‌ఎస్‌డీనా, తిరిగే హార్డ్‌డిస్కా అన్నదాని మీద ఆశ ఆధారపడి ఉంటుంది. ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసే సాధనం, ఎస్‌ఎస్‌డీ మీద మామూలుగానే మొత్తం చోటును ఖాళీ అని డ్రైవ్‌కు చెప్పేస్తుంది. ఆ తర్వాత రికవరీ ప్రోగ్రామ్‌లకు చాలావరకు సున్నాలే కనిపిస్తాయి. అలాంటప్పుడు రాత్రింబవళ్ళు స్కాన్ చేయడం కన్నా పాత బ్యాకప్‌లు, ఫోన్, క్లౌడ్, మెయిల్ అటాచ్‌మెంట్లు వెతకడానికి సమయం పెట్టండి. హార్డ్‌డిస్క్ అయితే ఆశ ఎక్కువ. ముందు డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ను ఇంకో పెద్ద డ్రైవ్‌లోకి ఇమేజ్‌గా తీసుకుని, ఆ ఇమేజ్ మీదే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ నడపండి. దొరికిన ఫైళ్ళను కూడా ఆ పాత డిస్క్‌లోకి కాకుండా మూడో చోటికే కాపీ చేయండి.